రంది లెక్క

మాకిచ్చిన ఫారంల ఇరవై ఒక్క ప్రశ్నలు.
పైన నర్సింగ్ కాలేజీ ముద్ర, కింద నా సంతకం,
నడుమ ఒక మనిషి ఎంత భయపడుతుందో
సున్నా నుంచి మూడు దాక టిక్కు పెట్టాలె.

నల్లగొండ పెద్దాసుపత్రి, కండ్ల ఓపీ.
చుక్కలు వేయించుకున్నోళ్లు బెంచీల మీద
తలలు వెనక్కి వాల్చి కూసున్నరు,
మంగలి కుర్చీల గడ్డం అప్పజెప్పినట్టు.

నా వంతుకు వచ్చింది అండాలమ్మ.
యాభై నాలుగేండ్లు. చక్కెర బీమారి పన్నెండేండ్ల నుంచి.
బత్తాయి మార్కెట్ల కాయ ఏరే పని.

"గత రెండు వారాలలో ఎన్ని రోజులు
మీకు ఆందోళన కలిగింది?"
ఫారంల ఉన్నది ఉన్నట్టే చదివిన.
"ఆందోళనా? నేనెందుకు పోత బిడ్డా!
మొన్న హమాలోళ్లు చేసిండ్రు గేటు కాడ, కూలి పెంచుమని.
నేను కాయ మీదనే ఉన్న."

సున్నా పెట్టబోయిన.
ఆమె చేతులు చూసి ఆగిన.
ఒళ్లో ఓపీ చీటీని ఉండ చేసి
తిప్పుతున్నయి, తిప్పి తిప్పి చూస్తున్నయి
అక్కడ లేని కాయను.

నేను దేవరకొండ పిల్లను.
కాలేజీ మెట్లెక్కిన నాడు
చెప్పుల తోటి బయట విడిచిన మాట ఒకటుండె.
"రంది ఉన్నదా, అమ్మా?"

ఎవరిదో టోకెన్ నంబరు పిలిచిండ్రు. మళ్లొకటి పిలిచిండ్రు.
అప్పుడు చెప్పింది.
మంగు కాయ మంచి కుప్పల పడ్డదట, మూడు మాట్ల.
సేటు ఏమనలేదట. తనే వంగి, తీసి, పక్కకు పెట్టిండట.
"తిట్టినా బాగుండు."
కండ్ల ముంగట నల్లటి దూది పింజలు,
పట్టబోతే పక్కకు జరుగుతయట.
రాత్రి అందరు పన్నంక
కండ్లు మూసుకుని ఇల్లంత తిరుగుతున్నదట.
పొయ్యి కాడికి ఆరడుగులు. నీళ్ల డ్రమ్ము కాడికి తొమ్మిది.
"అలవాటు చేసుకుంటున్న.
రేపు ఎవల చెయ్యి పట్టుకోవద్దు గదా."

ఇరవై ఒక్క ప్రశ్నలల్ల
దీనికి గడి లేదు.

పావుగంట బోధన, చార్టు సాయంతో:
రూతమ్మ మేడం నేర్పిన వరస అది.
చార్టుల కన్ను తలకాయంత ఉన్నది,
దాన్ని చూస్తేనే అండాలమ్మ మొఖం తిప్పింది.
మడిచి బెంచీ కిందికి తోసిన.
"నీ కన్ను గూడ కాయే అనుకో.
తొక్క లోపల పొర, పొర మీద సన్న నరాలు.
చక్కెరకు నానిన నరం ఊరుతది, లోపల్నే చెమ్మ.
లేజరంటే కత్తి గాదు, సూది మొనంత వెలుగు."

"మంగు పోతదా మరి?"

ఎంత తియ్యటి అబద్ధమైనా పట్టే జాగ అది.
"పోయిన చూపు వస్తదని చెప్పలేనమ్మా.
ఉన్నదాన్ని నిలబెట్టే పని ఇది.
షుగరు నీ చేతిల ఉండాలె, చెప్పిన తారీఖుకు రావాలె."
తల ఊపింది, సరుకు ధర విన్నట్టు.
"ముందుగాల చేతి నరానికి రంగు మందు ఎక్కిస్తరు.
ఒళ్లు పచ్చగైతది, ఒంటేలు గూడ. బుగులు పడకు."
"పసుపు పెట్టిన పెండ్లిపిల్ల లెక్కనా?"
నవ్వింది. పక్క బెంచీ మీద ముసలాయన గూడ
ఏమీ కనపడకనే నవ్విండు.

నెల తర్వాత మళ్లీ అదే ఫారం.
ముప్పై నాలుగు పదహారుకు దిగింది.
మేడం ఎర్ర పెన్నుతో గీత గీసి, మంచిదన్నది.
మంచిదే.

ఆ రాత్రి హాస్టల్ల లైటు తీసినంక
కండ్లు మూసుకుని లేచిన.
మంచం నుంచి తలుపు దాక ఏడడుగులు అనుకున్న.
నాలుగో అడుగుకు ఎవరి బకెట్టో మోకాలికి తగిలింది.

అండాలమ్మకు ఏం తగిలినయో
అడగనే లేదు నేను.